నీలి బొత్తాం వెనక ముడి

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే రకం. ఐదేళ్ళు చెరుకుతోట కూలీ లైన్లలో, ఆ వరస గదుల్లో బతికినదాన్ని. ఒక్కో గదిలో ముగ్గురం ముడుచుకుని పడుకునేవాళ్ళం. బతికున్నవాళ్ళకే కాళ్ళు చాపుకునే చోటు లేదు, ఇంక దెయ్యాలెక్కడ దూరతాయి? ఈ మాట అని చాలామంది నోళ్ళు మూయించాను. ఇప్పుడిది చదివి వాళ్ళు నవ్వితే నవ్వనీ. ఉప్పూ కారం చల్లకుండా జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాకు అక్షరాలు వచ్చింది గిరిమిట్, అదే ఐదేళ్ళ కూలీ ఒప్పందం, అయిపోయాకే. మా ఆయన నేర్పాడు, నేర్పినంతసేపూ తిట్టాడు. కాబట్టి ఇందులో తప్పులుంటే ఆయనవే.

ఈ దీవుల్లోని నవువాలో మా ఆయన వరి పండిస్తాడు. నేను పాత బొత్తాలు, లేసులు, హుక్కులు, రిబ్బన్లు పోగేసి అమ్ముతాను. సువా పట్నంలో దొరల బంగళాల్లో పనిచేసే ఆయాలు దొరసానులు పారేసిన గౌన్లు నాకు తెచ్చిస్తారు, బదులుగా నిమ్మకాయ ఊరగాయ పట్టుకెళ్తారు. అలాంటి గౌను ఇంటికొచ్చిన రోజు నాకు అన్నం కూడా గుర్తురాదు. గుడ్డ చీలికలైపోయినా అంచున లేసు నిక్షేపంలా ఉంటుంది. విరిగిన మంగలికత్తి ముక్కతో కుట్లు విప్పి, లేసు ఉతికి, గంజి పెట్టి, సీసా చుట్టూ చుట్టి ఆరబెడతాను.

బొత్తాల సంగతి వేరు. ఇత్తడివైతే చింతపండుతో తోముతాను. చిప్ప బొత్తాలకి మాత్రం చింతపండు తగలనివ్వను, మెరుపు పోతుంది. ఆ చిప్పలు ఈ సముద్రంలోవేనట. ఎక్కడికో ఓడెక్కి వెళ్ళి, బొత్తాలై మళ్ళీ ఇక్కడికే వస్తాయట. మాకంటే అవే నయం, పుట్టిన చోటికి తిరిగొచ్చాయి.

ఇవన్నీ ఒక చెక్క మీద కుట్టి పెడతాను. కిరసనాయిలు డబ్బాలొచ్చే పెట్టె మూత అది, దానికి నల్లగుడ్డ తొడిగాను. గుడ్డకి వరసలుగా బొత్తాలు కుట్టి, లేసు ముక్కలు చుట్టూ అంచులా పెట్టి, ఆదివారం పూట లైన్ల ముందు గోడకి ఆనిస్తే ఆడవాళ్ళు ఈగల్లా మూగుతారు. నెలంతా చెరుకులో మట్టి కొట్టుకుపోయిన మనిషి ఒక్క తెల్ల లేసు ముక్క జాకెట్టు చేతికి వేయించుకుని నడిచే నడక చూడాలి. ఆ నడక కోసమే నేనీ పని చేస్తున్నాననిపిస్తుంది. వాళ్ళిచ్చే గుడ్లూ మిరపకాయలూ ఎలాగూ మా ఆయనే తినేస్తాడు.

కుట్లు విప్పీ విప్పీ నాకో విద్య పట్టుబడింది. ముడి చూస్తే ఆ కుట్టిన చెయ్యి ఓపికమంతురాలిదో కంగారుమనిషిదో చెప్పేస్తాను. ఒకే చెయ్యి కుట్టిన రెండు గౌన్లు వేరే వేరే ఇళ్ళ నుంచి వచ్చినా పట్టేస్తాను. నా ముడి నాకు తెలియదా మరి? నేను రీలు నల్లదారం తప్ప వాడను. ముడి గుడ్డ వెనకే వేస్తాను, కొస బియ్యపుగింజంత వదులుతాను, మళ్ళీ విప్పడానికి వీలుగా.

చెక్క మధ్యలో ఒక నీలి గాజు బొత్తాం ఉండేది. అది అమ్మకానికి కాదు. ఎవరడిగినా ఇవ్వలేదు.

మా అమ్మ ఊళ్ళో బొంతలు కుట్టేది. బొంతలోకి చింపమని ఎవరో ఇచ్చిన పాతకోటుకి ఆ నీలి బొత్తాలు రెండే మిగిలాయి. పోయేముందు నాకొకటి, మా అక్క అప్పలమ్మకొకటి ఇచ్చింది. తర్వాత మమ్మల్ని కూలీలని పోగుచేసే ఆరకాటి ఒకడు ఓడెక్కించాడు. మనవాళ్ళు కూలికెళ్ళే రంగం రేవు పక్కనే, మూడు రోజుల్లో దిగిపోతారన్నాడు. దిగేసరికి నెలలు గడిచాయి. దిగింది నుకులావు దీవిలో. అక్కడ కూలీలని పంచిపెట్టేటప్పుడు నన్ను నవువాకి, అక్కని సముద్రం అవతలి లంబాసాకి రాశారు. రెండు పడవలు రెండు వైపులకి పోయాయి. అక్క తన రొంటిన ఉన్న బొత్తాన్ని తడిమి చూపించడం ఒక్కటే నాకు కనబడింది.

అక్కకి చదువు రాదు, అప్పటికి నాకూ రాదు. ఏ తోటలో ఉందో తెలియదు. అందుకే ఆ బొత్తాన్ని చెక్క నడిబొడ్డున పెట్టాను. లంబాసా నుంచి వచ్చిన ఆడమనిషి ఎవరైనా చూసి, ఇలాంటిది ఫలానా దగ్గర చూశానని అనకపోతుందా అని నా ఆశ. నిజం చెప్పాలంటే నా బేరమంతా దానికోసమే మొదలయింది.

గిరిమిట్ అయిన రెండో ఏడు లంబాసా నుంచి ఒకతను వచ్చాడు. మా చెక్క ముందు నిలబడి, విశాఖపట్నం వైపు అప్పలమ్మ అక్కడ ఆసుపత్రిలో విరేచనాలతో పోయిందని చెప్పాడు. తన కళ్ళతో చూశానన్నాడు. ఒంటరి మనిషి, చెల్లెలి కోసం కలవరించేదట. నేనింకేం అడగలేదు.

తలస్నానం చేశాను. చెక్కని గోడకి తగిలించి అటువైపు చూడలేదు. మా కూడా ఓడలో వచ్చిన నర్సిమ్ములు తాతకి ఇలాంటి కర్మలు తెలుసు. అక్కకి ఇంకెవరూ లేరు కనక పదోరోజు నదిలో పిండం నేనే వదలాలన్నాడు. అస్థికలు లేవు. వాటి బదులు ఆ నీలి బొత్తాం వదులుదామనుకున్నాను. తాత సరేనన్నాడు.

పదోరోజు పొద్దున్న ఎండ బాగా వచ్చాక చెక్క దించి గుమ్మంలో కూర్చున్నాను. మంగలికత్తి ముక్క తీసుకుని చెక్క అంచున మేకులు లాగి, నల్లగుడ్డ వెనక్కి తిప్పాను.

నీలి బొత్తాం వెనక ముడి లేదు.

వేళ్ళతో తడిమాను. నున్నగా ఉంది. బొత్తాం పైకెత్తి చూశాను. ముడి బొత్తానికీ గుడ్డకీ మధ్యన దాగి ఉంది. దారం నల్లది కాదు. పిండిబస్తా నోటికి కుట్టే తెల్లదారం, మాసి పసుపు తిరిగింది. బొత్తాం కింద దారపు కాడ చుట్టూ మూడు చుట్లు, మూడూ ఎడమవైపు తిరిగి ఉన్నాయి.

ముడి వెనక వేస్తే పసిపిల్లల ఒంటికి గుచ్చుకుంటుందని మా అమ్మ బొత్తాం కిందే దాచేది. నేనా అలవాటు ఎప్పుడో మానేశాను. మా అక్క మానలేదు. మా అక్కది ఎడమచేతి వాటం.

ఆ బొత్తాన్ని కొత్త నల్లదారంతో నేను కుట్టి మూడు వారాలు కాలేదు. తక్కిన బొత్తాలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాను. అన్నీ నా ముడులే, నా బియ్యపుగింజ కొసలే. మా ఇంట్లో మేమిద్దరమే. మా ఆయనకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. పిలిచి చూపించాను.

"నువ్వే కుట్టి మరిసిపోనావేమో" అన్నాడు.

సరేనని ఎడమచేత్తో కుట్టి చూశాను. ముడి కాదు కదా, సూది గుడ్డలోంచి బయటికి తేవడానికే తంటాలు పడ్డాను.

ఆ ముడి మీద వేలు పెట్టుకుని కూర్చుంటే నాకు భయం వెయ్యలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, సంతోషం వేసింది. అక్క పోలేదని నా మనసుకి గట్టిగా తెలిసిపోయింది. కత్తి ముక్క పక్కన పెట్టేశాను.

నది ఒడ్డున తాత అన్నం వండించి కూర్చున్నాడు. పిండం పెట్టనన్నాను. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"పదోరోజు కాడ ఆపేత్తే ఆత్మ అల్లాడిపోద్దే గుంటా!"

"సావనిదానికి పిండమెడితే అదేటి సేసుకుంటాది తాతా?" అన్నాను.

నాకు మతి చలించిందని ఆ రోజు అందరూ అనుకున్నారు. మా ఆయన కూడా అనుకునే ఉంటాడు, కానీ కోతలవగానే నన్ను సువా తీసుకెళ్ళి లంబాసా స్టీమరెక్కించాడు, తనూ ఎక్కాడు. చెక్కని గోనెలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. దారి పొడుగునా వాంతులు చేసుకున్నది ఆయన. ఓడంటే భయపడింది కూడా ఆయనే.

లంబాసాలో ఒక్కో తోట లైన్ల ముందూ ఒక్కో ఆదివారం చెక్క పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ఆదివారం హుక్కులు పోయాయి, రెండో ఆదివారం రిబ్బను అయిపోయింది. నీలి బొత్తాం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మా ఆయన పొలం గుర్తుచేశాడు. ఒక్క వారం చూసి వెళ్ళిపోదామన్నాను.

మూడో ఆదివారం పిల్లని చంకనెత్తుకున్న ఒక ఆవిడ లేసు బేరమాడుతూ ఆగిపోయింది. "ఐసన్ బటన్ హమ్ దేఖా" అంది. ఇలాంటిది చూశానని. లైన్ల చివరి గదివైపు చెయ్యి చూపించింది.

నేను లేచేలోపే ఆవిడే వెళ్ళి పిలుచుకొచ్చింది. చిక్కి సగమైన మనిషి, జబ్బుతో జుట్టు ఊడి, తలకి గుడ్డ కట్టుకుని వచ్చింది. నా మొహం చూసింది. తర్వాత చెక్క చూసింది. వంగి, ఎడమచేత్తో పక్క వరసలో ఒక బొత్తాం పట్టుకుని ఊపింది.

"ఇంత వొదులుగా కుట్టినావేటే పైడీ? అమ్మ సూత్తే సంపేసును" అంది.

ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. లేసు బేరమాడినావిడ కూడా ఏడ్చింది, లేసు మాత్రం వదల్లేదు.

తర్వాత కూర్చుని మాట్లాడుకుంటే తేలింది. ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద ఇద్దరు అప్పలమ్మలు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మా వైపు ఉండదు కదా. పోయింది రెండో అప్పలమ్మ. కబురు తెచ్చినతను అబద్ధమాడలేదు. ఏ అప్పలమ్మ అని అడగాల్సింది నేనే. ఆ తల్లికీ ఒక చెల్లెలు ఉందట, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తాత వండించిన అన్నం ఆవిడకి చెందాల్సిందని తర్వాత అనిపించింది, ఇంటికొచ్చాక ఆవిడ పేరున నదిలో పిండం వదిలాను.

ఆ రెండో అప్పలమ్మ పోయిన వారమే మా అక్కకి ఒళ్ళు తెలియని జ్వరం. ఎడమచెయ్యి దారం లాగుతున్నట్టు ఊరికే ఆడిస్తూ ఉండేదని, నల్లగుడ్డ మీద బొత్తాం ఊడిపోతోందని గొణిగేదని పక్కనున్న ఆడవాళ్ళు నాతో చెప్పారు. అక్కకి అదేమీ గుర్తులేదు. నేను బొత్తాలమ్ముతున్నట్టు తనకి ఎవరూ చెప్పలేదు.

ఇంతవరకూ మనసు ఎలాగో సర్దుకున్నాను. తనవాళ్ళు తలుచుకుంటే ఏదో జరుగుతుందేమోలే అనుకున్నాను. అప్పుడు అక్కని తన బొత్తాం చూపించమన్నాను. జాకెట్టు మీద, కొంగు చాటున గుండెల దగ్గర కుట్టుకుంది. చూపిస్తూ మొహం చిట్లించింది.

"ఇది నా కుట్టు కాదే. జొరం తగ్గాక సూత్తే ఇలాగుంది. ఆసుపత్రిలో ఎవులో కుట్టుంటారు. గుడ్డ ఎనకపక్క ముడేసినారు, గుచ్చుకుంటంది" అంది.

జాకెట్టు తిప్పి వెలుతురుకి పట్టాను. రీలు నల్లదారం. వెనక ముడి. ముడికి బియ్యపుగింజంత కొస.

ఆ చెయ్యి ఎవరిదో ముడి చూసి చెప్పగలను. నాదే. కానీ నేను ఆ జాకెట్టు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

అక్క ఇప్పుడు నవువాలో మాతోనే ఉంటుంది. ఆదివారాలు చెక్కకి అటు తనూ ఇటు నేనూ కూర్చుంటాం. నా కుట్టుకి రోజూ వంకలు పెడుతుంది, నేను తన బేరాలకి వంకలు పెడతాను, మా ఆయన ఇద్దరికీ జడిసి పొలంలోనే ఉంటాడు. ఇంత సుఖం నాకు రాసిపెట్టి ఉందని నేననుకోలేదు.

ఎలా జరిగిందో నాకు తెలియదు. పూజారినడిగాను, మిషన్ ఆసుపత్రి నర్సునడిగాను, యంగోనా వేరు పిసికిన నీళ్ళు తాగుతూ కూర్చున్న పెద్దల్నీ అడిగాను. ఒక్కరు చెప్పింది కూడా నాకు ఎక్కలేదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ నమ్మను. మేమిద్దరం బతికే ఉన్నాం, దెయ్యమని ఎవరిని అనను?

జాకెట్టు పాతబడిపోయింది. గుచ్చుకుంటోందని అక్క ఇప్పటికీ సణుగుతుంది. విప్పి అమ్మలాగా కుట్టిస్తాను, ఇలా తే అంటే మాత్రం కొంగు కప్పేసుకుంటుంది.