కంకర మీద తమ్ముడి గొంతు

ఆ పొద్దున నేను మా తమ్ముడితో మాట్లాడుతున్నాను. తెల్లవారుజాము ఫజర్ నమాజు అయింది. ఒమన్‌లోని సమాయిల్‌లో నేను పనిచేసే ఇంటి పిల్లలు బడికి వెళ్ళారు. ఇంటి పెద్దావిడ ఖర్జూర తోటలోకి నడిచింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. చపాతీల పిండి కలిపి, తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, కిటికీ గట్టు మీదున్న టేపురికార్డరు మీటలు రెండూ కలిపి నొక్కాను. తమ్ముడూ, నీ క్యాసెట్టు అందింది, అంతా విన్నాను అని మొదలుపెట్టాను. నా మోకాలి నొప్పి తగ్గిందన్నాను. నీ కూతురు పదో తరగతికి వచ్చింది, ఈసారి సెలవు ముందే అడుగు అన్నాను. చపాతీలు వత్తుతూ చెప్తూనే ఉన్నాను. అప్పుడు హాల్లో ఫోను మోగింది.

దుక్మ్‌కు పైన, తమ్ముడు పనిచేసే రక్షిత మైదానం నుంచి కాపలా ముసలాయన. నాకు అర్థం కావాలని సగం హిందీలో, నెమ్మదిగా చెప్పాడు. "నీ తమ్ముడు తెల్లవారకముందే సైకిలు మీద నీళ్ళ తొట్ల వైపు వెళ్ళాడు. తిరిగి రాలేదు. మేం పోయి చూశాం. గాఫ్ చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సైకిలు స్టాండు వేసి ఉంది. ప్రాణం లేదు."

ఇన్నా లిల్లాహి అన్నాను. తరువాత ఏమన్నానో నాకు గుర్తులేదు. పెద్దగా ఏడ్చానని తోట నుంచి పరుగెత్తుకొచ్చిన పెద్దావిడ చెప్పింది. ముసలాయన ఫోను పెట్టలేదు. "నువ్వు రావడానికి సాయంత్రం దాటుతుంది. మట్టి చెయ్యకుండా ఆగమంటావా, తల్లీ?" అని అడిగాడు. ఆగొద్దన్నాను. మీరే స్నానం చేయించండి, మీరే నమాజు చదవండి అన్నాను.

వంటింట్లో టక్‌మని మీట పైకి లేచిన చప్పుడు. అరగంట టేపు అయిపోయింది. అప్పటికి నాకు ఏమీ తట్టలేదు. మధ్యాహ్నం నమాజుకు చాప పరుస్తుంటే నేనేం చేశానో తట్టింది.

చదివేవాళ్ళకు మా ఇంటి పద్ధతి చెప్పాలి. మేము కడప దగ్గరి దూదేకుల వాళ్ళం. నమాజు అరబ్బీలో, తక్కిందంతా తెలుగులో. నేను పెద్దదాన్ని, నా తరువాత చెల్లెలు, ఆఖరివాడు తమ్ముడు. ఎనభైల చివర వాడు ఒమన్ వచ్చినప్పటి నుంచి మా ఇద్దరి మధ్య ఒకే క్యాసెట్టు తిరుగుతూ ఉండేది. వాడు మాట్లాడి నీళ్ళ ట్యాంకరు డ్రైవరు చేతికి ఇచ్చేవాడు. అది చేతులు మారి నాకు చేరేది. నేను విని, వాడి మాటల మీదే నా మాటలు రికార్డు చేసి తిప్పి పంపేదాన్ని. వాడు నావి విని, వాటి మీద మళ్ళీ మాట్లాడేవాడు. టేపు అరిగితే పారేసి ఇంకొకటి కొనేవాళ్ళం. కొత్తవి నాలుగు తెచ్చుకుందాం రా అంటే వినేవాడు కాదు. "దాచిపెట్టుకునేంత మాటలా అక్కా మనవి? మళ్ళీ మాట్లాడుకుంటాం గదా," అనేవాడు.

ఊళ్ళో ఉన్న మరదలికి మాత్రం జాబులే రాసేవాడు. ఒకసారి ఆమెకూ క్యాసెట్టు పంపమన్నాను. "వాకిట్లో పదిమందిని కూచోబెట్టి వినిపిస్తారక్కా. అందరి ముందర పెండ్లాంతో ఏం మాట్లాడేది? బాగుండావా, బాగుండా. అంతేగా!" అని నవ్వాడు. అందుచేత వాడి గొంతు ఉన్నది ఈ లోకంలో ఒక్క క్యాసెట్టులోనే. ఆ పొద్దున దాని మొదటి వైపంతా నేను చెరిపేశాను. అరగంట గొంతు పోయి, ఆ చోట నా చపాతీల కర్ర, ఫోను మోత, నా ఏడుపు చేరాయి.

చెరిపింది నేను కాబట్టి, గుర్తున్నంతవరకు రాయాల్సిందీ నేనే.

వాడి పని ఆ మైదానంలో పంపులు, పైపులు చూడటం. పొడుగు కొమ్ముల తెల్ల జింకలను అక్కడ కాపాడుతున్నారు. ఎండలు ముదిరినప్పుడు వాటికి అక్కడక్కడా తొట్లలో నీళ్ళు నింపాలి. మొదట్లో జీపులోనే తిరిగేవాడు. ఆ నేల మీద బండి ఒకసారి పక్కకు దిగితే ఆ చార ఏళ్ళ తరబడి పోదని, కంకర కింద పొర చెదిరితే గడ్డి కూడా మొలవదని ముసలాయన వాడికి చూపించాడట. ఎవరో పరిశోధకుడు వెళ్తూ వెళ్తూ లావు టైర్ల సైకిలు ఒకటి క్యాంపులో వదిలిపోయాడు. తమ్ముడు దాన్ని బాగుచేసుకున్నాడు. తుమ్మముళ్ళు దిగకుండా పాత ట్యూబు కోసి టైరు లోపల వరుసగా పరిచాడు. గాలి తక్కువే కొట్టేవాడు. "గట్టిగా ఉంటే రాయి మీద ఎగురుతాదక్కా. మెత్తగా ఉంటే రాయిని సర్దుకుని పోతాది," అని చెప్పేవాడు.

ఒక్కసారి నేను ఆ సైకిలెక్కాను. నేను పనిచేసే ఇంటివాళ్ళు ఎండాకాలం చల్లగాలికి దుక్మ్ తీరంలోని బంధువుల దగ్గరకు పోతూ నన్ను ఒక రోజు క్యాంపులో దించారు. మరుసటి తెల్లవారుజామున తమ్ముడు క్యారియరు మీద గోనె మడిచి వేశాడు.

"నా వల్ల కాదు. నడిచి వస్తా," అన్నాను.

"నడిస్తే మధ్యాహ్నమవుతాది. ఎక్కు. కదలొద్దు. నువ్వు కదిలితే ఒంటెలు మనల్ని చూసి నవ్వుతాయి."

ముసలాయన తుపాకీ పక్కన పెట్టి, నేను ఎక్కేవరకూ సైకిలు పట్టుకున్నాడు. ఆయన నవ్వు ఆపుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

సముద్రం నుంచి వచ్చిన పొగమంచు నేలను కప్పేసి ఉంది. లారీలు తిరిగిన దారి రేకుల కప్పులా అలలు తేలి ఉంటే, నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. తరువాత సన్న కంకర వచ్చింది. అక్కడ సైకిలు గుసగుసలాడినట్టు పోయింది. రెండు వైపులా మోకాలెత్తు పొదలు, ప్రతి ఆకు కొసనా ఒక నీటిబొట్టు. అవి దాటాక చెట్లు. గాఫ్ అని వాళ్ళంటారు, చూస్తే మన జమ్మి. ఆ చెట్ల మధ్య వాడు బ్రేకు వేయకుండా కాళ్ళు ఆపేశాడు. సైకిలు దానంతటదే నిలిచింది. ఎదురుగా మంచులో నాలుగు తెల్ల జింకలు. వాటి కొమ్ముల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అవి మమ్మల్ని చూశాయి, తలలు దించి మళ్ళీ మేశాయి. జీపుకైతే పరుగెత్తేవట. "నన్ను లెక్కచెయ్యవు," అన్నాడు తమ్ముడు. ఇంట్లో ఎవరూ తనను లెక్కచెయ్యరని చిన్నప్పుడు అలిగేవాడు. ఆ మాటే ఇక్కడ ఎంతో సంతోషంగా అన్నాడు.

తొట్టి దగ్గర ముఖం, కాళ్ళుచేతులు కడిగి వజూ చేసి ఇద్దరం కంకర మీదే నమాజు చదివాం. లేచాక వాడి నుదుటి మీద చిన్న రాయి ఒకటి అంటుకుని ఉంది. నేను తీశాను.

ఇక నేను చెరిపిన వైపు. వాడు టేపురికార్డరును హ్యాండిలుకు కట్టుకుని, తొక్కుతూ మాట్లాడేవాడు. "అక్కా, బయల్దేరినా. ఈపొద్దు మంచు జాస్తి. ముందర చక్రం తప్ప ఏమీ కనపళ్ళా," అన్నాడు. కాసేపు చక్రాల చప్పుడు. "పోయిన వారం బండ్లలో ఎవరో దొంగగా వచ్చి రెండు జింకలను పట్టుకపోయినారు. వాళ్ళ టైర్ల చారలు పొదల మీద నుంచే పోయినాయి. నాకు రెండు దినాలు కూడు సయించలేదు." మళ్ళీ చప్పుడు. "కంకర మీద హ్యాండిలు గట్టిగా పట్టుకుంటే పడిపోతామక్కా. కొత్తగా వచ్చినోళ్ళకు అదే చెప్తాండా. వదులుగా పట్టుకోండి, సైకిలు తన దారి తాను చూసుకుంటాది అని." చెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆయాసపడ్డాడు. "వయసు అయితాంది," అని నవ్వాడు. ఆ ఆయాసం నేను మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ నవ్వునే విన్నాను. డాక్టరుకు చూపించుకోమని ఆ పొద్దున కూడా నేను చెప్పలేదు. మోకాలి సంగతే చెప్పాను.

వాడు కూతురి గురించి చెప్పిన మాట ఒకటుంది. అది కూడా ఆ వైపే పోయింది. "పాపకు సైకిలు నేర్పిస్తానక్కా ఈసారి. పడినా ఏం కాదు. పడేది నేర్పిస్తే చాలు."

పొద్దు వాలే అసర్ నమాజు వేళకు మబేలా ఊరి నుంచి చెల్లెలు, మరిది వచ్చారు. మరిది అక్కడ మేస్త్రీ పని చేస్తాడు. ఊళ్ళో ఎస్టీడీ బూతుకు మధ్యాహ్నమే అతను ఫోన్ చేసి కబురు చెప్పాడు. సాయంత్రం మళ్ళీ చేసేసరికి మరదలు బూతులోనే కూర్చుని ఉంది. పెద్దావిడ హాలు మాకు వదిలి, తలుపు దగ్గరకు వేసి వెళ్ళింది.

ఆ ఫోనుకు ముందు మా ముగ్గురి మధ్యే మాట జరిగింది. క్యాసెట్టు సంగతి దాచకుండా చెప్పాను.

"ఆ మొదటి వైపు తుడిచేద్దాం వదినా," అన్నాడు మరిది. "ఖాళీగా ఉంటే మేలు. ఆ ఏడుపు బిడ్డ చెవిన పడితే ఎట్ల?"

"అక్క తుడిచింది చాల్లేదా, నువ్వూ తుడుస్తావా?" అంది చెల్లెలు. వెంటనే నా చెయ్యి పట్టుకుంది. నేను చెయ్యి తీసుకోలేదు. అన్న మాట నిజమే.

మరదలు లైన్లోకి వచ్చాక రెండో వైపు పెట్టి ఫోను దాని ముందు ఉంచాను. అందులో మాటలు తక్కువ. తిరుగు ప్రయాణం అది. చక్రం కింద రాళ్ళు, గాలి, ఊపిరి. నడుమ ఎక్కడో "అదిగో, ఎండ వచ్చె," అని ఒక మాట. మరిది మెల్లగా అన్నాడు, "సగం కంకరే గదా వదినా."

ఫోనులోంచి మరదలి గొంతు వినిపించింది. "వదినా, అది ఆయన తొక్కుతాండే చప్పుడేనా?"

"అదేనమ్మా."

"ఆ ఊపిరి?"

"వాడిదే."

"జాబుల్లో రాసేవాడు, కంకర దారి, కంకర దారి అని. ఇట్లుంటాదని నాకు తెలీదు." నేను చేసింది చెప్పాను. మొదటి వైపు ఏముందో చెప్పాను. తిడుతుందనుకున్నాను. "తుడవొద్దు వదినా," అంది. "మేం యాడనో ఉండాం. ఆ పొద్దున ఆయన కోసం ఏడ్చిన మనిషి ఒకరుండారని పాపకు తెలియాల. రెండు పక్కలా అట్లనే పంపండి. నేనే వినిపిస్తా, మేమిద్దరమే కూచోని."

ఆ సాయంత్రం మేము తేల్చుకున్నది ఇది. తమ్ముడు ఆ మైదానంలోనే ఉంటాడు, ముసలాయన పెట్టిన రాయే వాడికి గుర్తు, పేరు చెక్కించము. సైకిలు క్యాంపులోనే ఉంటుంది, తొట్ల పని చేసేవాళ్ళు తొక్కుతారు. క్యాసెట్టు పోస్టులో వెయ్యము. చెల్లెలు సెలవు పెట్టి, చేతిసంచిలో పెట్టుకుని తీసుకెళ్ళి మరదలి చేతికే ఇస్తుంది. అంతకుముందు ఒక పని చెయ్యాలన్నాడు మరిది. క్యాసెట్టు వెనకంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, అవి విరిచేస్తే ఇక దాని మీద ఎవరూ మాట్లాడలేరు అని కూరగాయల కత్తి తెచ్చాడు. ఆ పని నన్నే చెయ్యమన్నారు. చేశాను.