శెట్టిగారి పీట మీద లాంచీగారు

సత్యనారాయణ వ్రతాన్ని సంకల్పం దగ్గరే ఆపించి, మళ్ళీ ముగ్గు నుంచి మొదలుపెట్టించిన ఘనత రాజమండ్రి మొత్తంలో నాకొక్కడికే ఉందంటే గొప్పలు పోతున్నాననుకుంటారు. అనుకోండి. ఆ రోజు అక్కడున్నవాళ్ళెవరూ దాన్ని గొప్పగా అనుకోలేదు.

డెబ్బైల చివర మాట. ఎమ్మే పాసై, కాలేజీలో ట్యూటరుగా చేరి, నేను నేర్పితే నేర్చుకోని ప్రాణి లోకంలో ఉండదని నమ్మే వయసు. విద్యార్థులు ఆ నమ్మకాన్ని అప్పటికింకా పూర్తిగా పాడుచెయ్యలేదు. బట్టల కొట్టు శెట్టిగారింట్లో వెనక వాటాలో అద్దెకుండేవాణ్ణి. శెట్టిగారు పొద్దస్తమానం కొట్లో “రండి, కూర్చోండి, చూడండి” అంటూ తన దగ్గరున్న అండీలన్నీ అక్కడే ఖర్చుపెట్టేసేవారు. ఇంటికొచ్చేసరికి ఒక్కటీ మిగిలేది కాదు. నన్ను “ఏవోయ్” అనేవారు. అదీ మంచి మూడ్‌లో ఉంటేనే.

ఒక సాయంత్రం పోలవరం లాంచీ దిగుతుంటే, రేవులో తాళ్ళచుట్ట కింద ఏదో వణుకుతోంది. నాలుగు కాళ్ళూ తోకా ఉన్నాయి గనక కుక్క అని పోల్చుకున్నాను. అప్పటికే ఎవరో గెడకర్రతో దాన్ని బయటికి పొడుస్తున్నారు. నాకు ఆవేశం వచ్చింది. కుక్కని గొడుగులో వేసుకుని, వానలో తడుస్తూ ఇంటికొచ్చాను. పేరు లాంచీ అని పెట్టాను.

పిరికిదంటే మామూలు పిరికిది కాదు. చెంచా కింద పడితే మంచం కిందికి పోయేది. ఆ చెంచా తీస్తే బీరువా కిందికి పోయేది. చెవుల నిండా గోమార్లు, ఒంటి నిండా చిక్కులు. దువ్వెన చూపిస్తే కత్తి చూసినట్టు చూసేది. చెంబు చూపిస్తే ఇక చూసేదే కాదు, ఉండేది కాదు.

శెట్టిగారు రెండు రోజులు ఓర్చుకుని, మూడోనాడు తీర్పు చెప్పారు. “వచ్చే వారం ఆదివారం మా ఇంట్లో వ్రతం. ఈలోగా అది శుభ్రంగా, ఒక పద్ధతిగా ఉంటే సరేసరి. లేదంటే ఏ రేవులో దొరికిందో ఆ రేవులోనే వదిలేసి రా.”

పది రోజుల గడువు. ఆ గెడకర్ర నా కళ్ళముందు ఆడింది. వెంటనే ఒక స్నేహితుడి దగ్గర ఇంగ్లీషు పుస్తకం తెచ్చి పెరట్లో క్లాసు మొదలుపెట్టాను. “సిట్” అన్నాను. దానికి “ఛీ” అని వినిపించిందో ఏమో, నీళ్ళ గోలెం వెనక్కి దూరింది. “కమ్” అంటే కదల్లేదు. తెలుగులో “రా” అన్నాను. ఉన్నచోటే మూత్రం పోసింది. అక్కడితో మొదటి పాఠం సమాప్తం.

ఇదంతా వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న రత్తమ్మగారు, అంటే శెట్టిగారి భార్య, చేట పక్కన పెట్టి వచ్చారు.

“బాబూ, ఇన్నాళ్ళూ ఎవరైనా దాన్ని ‘రా’ అని పిలిస్తే, వెనకాలే రాయో కర్రో వచ్చుంటుంది. ‘అండీ’ అని పిలిచి రాయి వేసినవాళ్ళు మన వేపు ఎవరైనా ఉన్నారా?”

ఆవిడే ముందుకు వంగి, చుట్టాన్ని పిలిచినట్టు, “ఇలా రండి” అన్నారు. లాంచీ చెవులు లేచాయి. గోలెం చాటునుంచి ముక్కు వచ్చింది. ముక్కు వెనకాల కుక్క వచ్చింది.

నా చదువంతా ఆ క్షణంలో నీరుగారిపోయింది గానీ, ఉత్సాహం రెట్టింపైంది. ఇంగ్లీషు పుస్తకం తిరిగిచ్చేసి నా సిలబస్ నేనే రాసుకున్నాను. “రండి” అంటే రావాలి. “కూర్చోండి” అంటే స్నానాల పీటెక్కి కూర్చోవాలి. “చెయ్యి పట్టండి” అంటే గోళ్ళు చూడ్డానికి ముందుకాలు ఇవ్వాలి. “ఓర్చుకోండి” అంటే నేను దువ్వుతుంటే ఊరుకోవాలి. కుంకుడురసంతో తలంటి, చివర్న నెత్తిమీద చెంబుడు నీళ్ళు పోస్తే, ఒళ్ళు దులుపుకుని దిగిపోయేది. వారం తిరిగేసరికి లాంచీ పట్టుకుచ్చులా తయారైంది. పీట వాల్చిన చప్పుడైతే తనే తోకాడిస్తూ వచ్చేది. అంత మర్యాదస్తురాలైన శిష్యురాలు నాకు కాలేజీలో అప్పుడూ లేదు, తర్వాతా లేదు.

ఆదివారం పొద్దున్న దానికి తలంటి, నలుగురూ చూడాలని వీధరుగు మీద హాలు గుమ్మం పక్కనే కూర్చోబెట్టాను.

“కట్టెయ్యవోయ్” అన్నారు శెట్టిగారు, పట్టుపంచె సర్దుకుంటూ.

“అక్కర్లేదండి. చెప్పిన మాట వింటుందండి” అన్నాను.

అబద్ధం చెప్పలేదు. విన్నది.

పంతులుగారికి కళ్ళద్దాలున్నా, అవి సంచిలో ఉన్నాయి. సంచిలో చెయ్యిపెట్టి వాటినే వెతుక్కుంటూ, “యజమానులు రండి” అన్నారు. లాంచీ లేచింది. “పీటల మీద కూర్చోండి” అన్నారు. ఒక పీట మీద రత్తమ్మగారు కూర్చున్నారు. పంచె కుచ్చిళ్ళ దగ్గర శెట్టిగారికి అరనిమిషం ఆలస్యమైంది. రెండో పీట ఖాళీగా ఉండిపోలేదు. “చెయ్యి పట్టండి” అన్నారు పంతులుగారు. పట్టింది. ఆయన ఉద్ధరిణితో నీళ్ళు పోసి, “పుచ్చుకోండి” అని, అది పుచ్చుకుంటున్న చప్పుడుకి కొంచెం అనుమానపడి, కళ్ళద్దాలు దొరికాక గోత్రం అడగబోయి మానుకున్నారు.

“లే. దిగు. పో” అన్నారు శెట్టిగారు చెయ్యెత్తి.

ఆ మూడు మాటలకీ లాంచీ పీటకి అంటుకుపోయింది. పది రోజులుగా కనపడని ఆ రేవు నాటి వణుకు మళ్ళీ వచ్చింది.

“కొట్టకండి” అన్నారు రత్తమ్మగారు పక్క పీట మీంచే. “దానికి అండీ అనాలి.”

“కుక్కనా?”

“రోజూ కొట్లో ఎంతమందిని అనట్లేదూ?”

శెట్టిగారు చెయ్యి దించారు. గొంతు సవరించుకుని, సరిగ్గా కొట్లో మనిషై, “లేవండి” అన్నారు.

లాంచీ వణుకు ఆగింది. ఆయన వంక ఎంతో గౌరవంగా చూసింది. లేవలేదు.

అందరూ నా వేపు తిరిగారు. అప్పుడు తెలిసింది నాకు, నా సిలబస్‌లో ఆ పాఠం లేదని. లేవమని చెప్పాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు, చెంబుడు నీళ్ళే చెప్పేవి. ఆ సంగతి పదిమందిలో ఎలా విన్నవించాలా అని నేను మాటలు వెతుక్కుంటుండగా, పంతులుగారు శుద్ధి కోసమని మామిడాకుతో పీట చుట్టూ నీళ్ళు చల్లారు. నాలుగు చుక్కలు లాంచీ నెత్తిన పడ్డాయి.

స్నానం అయిపోయిందనుకుంది. ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక చివరిదాకా దులుపుకుంది. పొద్దున తలంటిన తడి ఇంకా ఒంటిమీదే ఉంది. పసుపు, కుంకుమ, ముగ్గుపిండి, ఆ తడీ కలిసి శెట్టిగారి పట్టుపంచె మీద కొత్త డిజైను వేశాయి. తర్వాత లాంచీ పీట దిగి, మర్యాదగా అరుగు మీదికి వెళ్ళిపోయింది.

హాలు కడిగారు. ముగ్గు మళ్ళీ వేశారు. వ్రతం మళ్ళీ మొదలైంది. నేను నా వాటాలో కూర్చుని ట్రంకుపెట్టె సర్దుకున్నాను. కుక్క రేవుకి పోతే నేనూ పోతానని మనసులో నిశ్చయించుకున్నాను. లాంచీ నా కాళ్ళ దగ్గర చేరి నా మొహంలోకి చూస్తోంది.

సాయంత్రం శెట్టిగారు వచ్చారు. గుమ్మంలో నిలబడి కుక్క వంక చూశారు.

“ఇరవయ్యేళ్ళుగా కొట్లో కూర్చోండి, కూర్చోండి అంటున్నాను. ఒక్క మాటకి కూర్చున్నది ఇదొక్కర్తే” అన్నారు.

ఆపైన వంగి, చేతిలోని విస్తరాకు ముందుకు చాపారు. “రండి లాంచీగారూ. ప్రసాదం తీసుకోండి.”

లాంచీగారు వెళ్ళారు. నేనూ ఆశగా లేచాను.

“నువ్వెక్కడికోయ్? పీట కడుగు” అన్నారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ లాంచీకి అండీ, నాకు ఓయ్. పీట కడుగుతూ గోదారి ఉన్న దిక్కుకి తిరిగి ఆ రోజే ప్రమాణం చేశాను, ఇక ఈ జన్మలో ఏ ప్రాణికీ లేవడం నేర్పకుండా కూర్చోవడం నేర్పనని. ఇప్పటిదాకా తప్పలేదు. కాలేజీలో నా క్లాసులో కుర్రాళ్ళు కూర్చోకముందే లేచి వెళ్ళిపోయేవారంటే, దాని వెనక ఇంత కథ ఉంది.