లెక్కకు రాని ఈగలు

ఆత్రేయపురం భూలక్ష్మి కూతురు దుర్గాశ్రీ ఈగలతో యుద్ధం చేస్తూనే పెరిగింది. పూతరేకులు చేసే ఇల్లు వాళ్ళది. తల్లి పొయ్యి మీద బోర్లించిన కుండకు పిండిగుడ్డ రాసి రేకు తీస్తుంటే, పక్కన బెల్లం పళ్ళెం మీద ఈగ వాలకుండా విసనకర్ర ఆడించడం చిన్నప్పటి నుంచీ దుర్గాశ్రీ పని. అలాంటి పిల్ల కొత్తపేటలో బీఎస్సీ ఆఖరి ఏడు చదువుతూ, రెండు వేల రెండు డిసెంబరులో, హార్లిక్స్ సీసాల నిండా ఈగలు పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ ఏడాదే కాలేజీలో ఆఖరి ఏడు వాళ్ళకి ప్రాజెక్టు పెట్టారు. జువాలజీ చెప్పే కామేశ్వరి మేడమ్ విశాఖపట్నం వెళ్ళి, తను చదువుకున్న చోట అడిగి, రెండు సీసాల పండు ఈగలు తెచ్చారు. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలే అవి. ఒక సీసాలో మామూలు ఎర్రకళ్ళవి, రెండోదాంట్లో తెల్లకళ్ళవి. తెల్లకళ్ళ ఆడవాటిని ఎర్రకళ్ళ మగవాటితో కలిపితే మనవల తరంలో సగం ఎర్రకళ్ళవి, సగం తెల్లకళ్ళవి పుట్టాలని పుస్తకంలో ఉంది. ఆ సగాన్ని లెక్కపెట్టి చూపించడమే దుర్గాశ్రీకీ, ఆమె జతగాడు నాగసతీష్‌కీ ఇచ్చిన పని.

"పుస్తకంలో ఉన్నదేగా మేడమండీ, మళ్ళీ లెక్కెందుకండీ?" అన్నాడు నాగసతీష్.

"పుస్తకాన్ని కాదు, ఈగని చూసి చెప్పమంటున్నాను" అన్నారు మేడమ్.

నాగసతీష్ "ఆయ్" అని తల ఊపి వెళ్ళాడు. ఆ తరవాత ప్రపంచ కప్పు క్రికెట్ అయ్యేదాకా ల్యాబులో సరిగ్గా కనిపించలేదు.

దుర్గాశ్రీకి మొదటి తిప్పలు పెళ్ళి కాని ఆడ ఈగలతో వచ్చాయి. ఆడది పుట్టిన ఏడెనిమిది గంటల్లోపే దాన్ని విడదీసి వేరే సీసాలో వెయ్యాలి. ఆలస్యమైతే తన సీసాలో మగవాటితోనే కలిసిపోతుంది, ప్రయోగం పాడవుతుంది. ఈగలేమో తెల్లవారుజామున పుడతాయి. కాలేజీ పది గంటలకి గాని తెరవరు. అందుకని సీసాలు ఇంటికి మోసుకురాక తప్పలేదు.

"పూతరేకుల కొంపలో ఈగల్ని పెంచుతావంటే? ఎవరైనా చూస్తే మన రేకు నోట్లో పెట్టుకుంటారా?" అని భూలక్ష్మి గుండెలు బాదుకుంది.

"దూది బిరడా ఉందమ్మా, బయటికి రావు."

"ఇంతకీ వాటిని ఏం చేస్తావు?"

"ఆడవాటిని మగవాటి నుంచి విడదీస్తాను."

భూలక్ష్మి చేతిలో పిండిగుడ్డ పక్కన పడేసింది. "ఆడ ఈగని మగ ఈగ దగ్గరికి పోనివ్వకుండా కాపలా కాయడానికా నిన్ను డిగ్రీకి పంపించింది?"

సీసాలు పశువుల పాకలోకి పోయాయి. ఎలాగూ ఈగలకి మత్తిచ్చే ఈథర్ పొయ్యి దగ్గర తెరవకూడదు, గుప్పున అంటుకుంటుంది. దుర్గాశ్రీ చలిలో గేదె పక్కన కూర్చుని, భూతద్దంతో ఒక్కో ఈగ వెనక కొస నల్లగా ఉందో లేదో చూస్తూ, నల్లగా ఉన్న మగవాటిని ఈకతో పక్కకి తోసేది. గేదె తోక విసిరితే మళ్ళీ మొదలు. ఒకసారి పెళ్ళివారు రేకుల కోసం బేరానికొచ్చి, పాకలో ఈ అమ్మాయిని చూసి "అదేంటండీ?" అని అడిగారు. "మా అమ్మాయి చదువండి" అంది భూలక్ష్మి. వాళ్ళు మర్యాదగా మంచినీళ్ళు తాగి, పక్క వీధిలో రేకులు చెప్పుకుని వెళ్ళిపోయారు.

ల్యాబులో ఇంకో రకం. రవ్వా బెల్లమూ కలిపి ఉడికించిన ఈగల మేతకి చీమలు పట్టేవి. బల్ల కోళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టమంటే, అటెండరు సూరయ్య గారు పెట్టేవారు గాని నీళ్ళు పోసేవారు కాదు. "పళ్ళేలు పెట్టమన్నారు గదమ్మా, పెట్టేను" అనేవారు. మనవల తరం ఈగలు పుట్టాక, మొదటిసారి మత్తిచ్చి తెల్ల పలక మీద పోసి సగం లెక్కపెట్టేసరికి, పోయిన కరెంటు వచ్చింది. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరిగింది. ఎర్రకళ్ళూ తెల్లకళ్ళూ కలిసి గదంతా ఎగిరిపోయాయి. దుర్గాశ్రీ ఖాళీ పలక ముందు ఈక పట్టుకుని కదలకుండా కూర్చుండిపోయింది.

మిగిలిన సీసాలు లెక్కపెడితే తెల్లకళ్ళవి సగానికి బాగా తక్కువొచ్చాయి. మేడమ్ చూసి మొహం చిట్లించారు.

"మీ ఇంట్లో బెల్లం ఉంటుంది కదా. ఊళ్ళో ఈగలు సీసాలో దూరి ఉంటాయి. అవన్నీ ఎర్రకళ్ళవే. పారేసి మళ్ళీ మొదలెట్టు."

మళ్ళీ మొదలెట్టింది. ఈసారి సీసాలు గుడ్డతో కట్టింది, పాక గుమ్మానికి దోమతెర వేలాడదీసింది. మళ్ళీ తక్కువే. మేడమ్ ఈసారి గొంతు పెంచారు. "కళ్ళు సరిగ్గా చూస్తున్నావా అసలు? పారెయ్. ఇంకోసారి." మూడోసారీ తక్కువే. మార్చి వచ్చేసింది, ఇంకోసారికి వ్యవధి లేదు.

నాగసతీష్ అప్పుడు వచ్చాడు. "ఎందుకండీ ఈ గొడవంతా, సగం సగం రాసేద్దాం" అన్నాడు.

"సగం రాలేదు కదా!"

"రావాలి కదండీ!"

చివరికి అతను సగం సగం రాసి ఇచ్చాడు. ఆమె వచ్చినవే రాసి ఇచ్చింది. ఒకే సీసాల్లోంచి పుట్టిన ఈగలు ఇద్దరికీ రెండు రకాలుగా లెక్క తేలాయి. పరీక్షకి బయటి నుంచి వచ్చిన పెద్దాయన నాగసతీష్ కాగితాలు చూసి "భేష్" అన్నారు. దుర్గాశ్రీవి చూసి కళ్ళజోడు తీశారు.

"తెల్లవి ఎందుకు తగ్గాయమ్మా?"

"తెలీదండీ. అలాగే వచ్చాయండి."

"ఈగలది తప్పా, నీదా?"

నాది కాదండీ అనబోయింది. పక్కన కామేశ్వరి మేడమ్ తల వంచుకుని గోళ్ళు చూసుకుంటున్నారు. అది చూసి దుర్గాశ్రీ ఆ మాట ఆపుకుని, కాగితాలు వెనక్కి తీసుకుంది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చలిలో గేదె పక్కన కూర్చున్న తెల్లవారుజాములన్నీ గుర్తొచ్చాయి.

పరీక్షలయ్యాక, బాకీలేమీ లేవని సంతకాలు పెట్టించుకోవడానికి వెళితే సూరయ్య గారు ఆపారు. "ఆ సీసాలు కడిగిస్తే గాని సంతకం లేదమ్మా." విసుక్కుంటూ కుళాయి దగ్గర కూర్చుంది. మూడోసారి వాడిన సీసా లోపలి గోడకి గోధుమరంగు గూళ్ళు ఎండి అతుక్కుని ఉన్నాయి. పురుగు ఈగగా మారే ముందు కట్టుకునే గూళ్ళవి. చాలావాటికి మూత తెరుచుకోలేదు. అంటే లోపలిది బయటికి రాకుండానే చచ్చిపోయింది. బ్రష్ పెట్టబోయి ఆగింది. ఒకదాన్ని ఊడదీసి, సూదితో చీల్చి, మైక్రోస్కోపు కింద పెట్టింది. లోపల ఈగ పూర్తిగా తయారై ఉంది, రెక్కలు ముడుచుకుని. కళ్ళు తెల్లగా ఉన్నాయి.

ఇంకొకటి చీల్చింది. తెల్లవే. తరవాతది ఎర్రవి. ఆ తరవాత వరసగా తెల్లవి. సీసాలు చాలక మూడుసార్లూ ఒక్కోదాంట్లో తనే లెక్కకి మించి ఈగల్ని కుక్కిన సంగతి గుర్తొచ్చింది. ఆ ఇరుకులో తెల్లకళ్ళవే ఎక్కువ చచ్చాయి.

మేడమ్‌ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది. ఆవిడ మైక్రోస్కోపులో ఒకటి చూసి, ఇంకోటి పెట్టమన్నారు.

"ఇది నెల ముందు చూసి ఉంటే ఎంత బావుండేది!" అన్నారు చివరికి.

"నెల ముందు సీసా పారేసి మళ్ళీ మొదలెట్టమన్నారండీ మీరు. రెండుసార్లు."

మేడమ్ గబుక్కున లేచారు. మార్కులు మార్పించడానికి అప్పటికప్పుడు ప్రిన్సిపాల్ గదికి నడిచారు. అవి యూనివర్సిటీకి వెళ్ళిపోయాయని ఆయన చేతులెత్తేశారు. తిరిగొచ్చి, "సెలవుల్లో మళ్ళీ చేద్దాం. ఈసారి నేనూ కూర్చుంటాను" అన్నారు.

"నావల్ల కాదండీ. క్షమించండి" అని దుర్గాశ్రీ బస్సెక్కేసింది. ఇంటికెళ్ళి వారం రోజులు రేకులు మడిచింది. రెండో వారం తల్లి బెల్లం దంచుతుంటే, "కొంచెం మెత్తగా దంచమ్మా, కాలేజీకి పట్టుకెళ్ళాలి" అంది. భూలక్ష్మి రోకలి ఆపి, నుదురు కొట్టుకుని, మెత్తగానే దంచింది.

ఆ ఎండలకి ఈగలు చావకుండా మేడమూ దుర్గాశ్రీ తడి ఇసుకలో సీసాలు పాతి మళ్ళీ చేశారు. కొన్నిటిలో ఈగలు కిక్కిరిసేలా, కొన్నిటిలో పలచగా వేశారు. ఆడవాటిని విడదీయడానికి ఒక వారమంతా మేడమే తెల్లవారక ముందు ల్యాబు తాళం తీయించి కూర్చున్నారు. వారం తిరిగేసరికి నడుం పట్టేసి, "ఇంత పనా ఇది!" అని మూలిగారు. దుర్గాశ్రీ తరవాతి సీసా ఆవిడ ముందుకి జరిపింది. పలచగా వేసిన సీసాల్లో తెల్లకళ్ళవి ఇంచుమించు సగం వచ్చాయి. కిక్కిరిసిన వాటిల్లో ఎప్పటిలాగే తగ్గాయి. దుర్గాశ్రీకి సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఇంత తిన్నగా తేలేదాన్ని రెండుసార్లు పారబోశాం కదా అని.

మేడమ్ ఆ సంగతి నాలుగు పేజీలు రాసి, దుర్గాశ్రీ పేరు ముందు పెట్టి, రాజమండ్రిలో అధ్యాపకుల సభలో చదివారు. సగంలో భోజనాల గంట కొట్టారు. వినేవాళ్ళు లేచిపోయారు.

"ఇంతకీ ఏం తేలిందే?" అంది భూలక్ష్మి ఆ రాత్రి అన్నం పెడుతూ.

"ఇరుకైతే తెల్లకళ్ళవి ముందు చస్తాయని."

"నీరసంగా ఉన్నవి ముందు పోవా మరి? దానికి ఇన్ని నెలలా?"

"ఎన్ని పోతాయో చెప్పగలవా?"

"నాకేం తెలుసు!"

"అదే అమ్మా నే లెక్కపెట్టింది" అంది దుర్గాశ్రీ, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

ఆ మార్కులు అలాగే ఉండిపోయాయి. వాటివల్ల ఎమ్మెస్సీ సీటు ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడు వచ్చింది. చదువయ్యాక కాట్రేనికోనలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పడానికి చేరింది. అక్కడ సముద్రపు గాలికి మైక్రోస్కోపులు తుప్పు పడతాయి, కరెంటు ఉండదు, అటెండరు ఉన్నా పలకడు. రోజూ ఎవరో ఒకరి మీద విసుక్కుంటూనే ఉంటుంది. ల్యాబు మాత్రం ఎనిమిదింటికే తెరిపిస్తుంది.