సగం తానుతో కుట్టించిన చొక్కాలు

ప్రొద్దుటూరులో మా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టింది కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా వీధి దర్జీ. ఇంగ్లండులో జీతాల్లేని చిన్న క్లబ్బులుంటాయనీ, పగలు పనికి పోయేవాళ్ళే సాయంత్రం ఆడతారనీ కువైట్‌లో ఎవరో ఇంగ్లీషాయన చెప్పాడట. "మనకేం తక్కువప్పా?" అన్నాడు.

ఒకప్పుడు బట్టల అంగడి నడిపిన ఇంట్లో పుట్టినవాణ్ణని చొక్కాల గుడ్డ తెచ్చే పని నాకు పెట్టారు. గంటసేపు బేరమాడాను. "తానులో సగం ఎవరో తీసకపాయిరి, మిగిలింది గాబట్టి ఇంతకిస్తాండా" అన్నాడు అంగడాయన. గెలిచాననుకున్నాను. ఆ ఎవరో ఎవరని అడగలేదు.

మొదటి ఆట పులివెందులలో. మాతో ఆడాల్సిన జమ్మలమడుగు జట్టు బస్సు దిగింది. వాళ్ళవీ అవే ఆకుపచ్చ చొక్కాలు! రంగులు వేరుగా లేకుంటే ఆట లేదన్నాడు రెఫరీ. మరునాడే దర్జీకి విమానం. ఈ ఆట తప్పితే తన క్లబ్బు ఆడడం అతను చూడలేడు.

"ఏంది మామా, ఒగ తాను రెండూర్లకు పంచినావా?" అని వాళ్ళ కెప్టెన్ నన్ను చూసి నవ్వాడు. మీరే చొక్కాలు మార్చుకోండని నేను బేరం మొదలుపెట్టాను. ఎవరూ కదల్లేదు. ఈలోగా దర్జీ తన చొక్కా విప్పి, తిరగేసి తొడుక్కున్నాడు. నేను తెచ్చింది ఒకవైపే రంగు పట్టిన చవక గుడ్డ. లోపలివైపు దాదాపు తెలుపు.

"నేను కుట్టిన కుట్లే గదప్పా, కనపడనీ."

మేమంతా అలాగే తిరగేసి తొడుక్కున్నాక రెఫరీ ఈల ఊదాడు. ఓడిపోయాం. అతను తృప్తిగా విమానమెక్కాడు. ఇప్పటికీ మా క్లబ్బు కుర్రాళ్ళు కొత్త చొక్కాలు సైతం కుట్లు పైకి వచ్చేలా తిరగేసే తొడుక్కుంటారు. గుడ్డ కొనడానికి మాత్రం నన్ను పంపరు.