వెనక్కి పోతున్నానని చెప్పిన పడవ

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేమీ కావు. మన రాష్ట్రం మనకు వచ్చిన కొత్త. అందరికీ అన్నీ వచ్చేసినట్టే ఉండేది. నాకైతే ఎలక్ట్రికల్‌లో డిప్లొమా కూడా వచ్చింది. కట్టంగూర్‌లో హైవే పక్కన మా బాపుకు లారీలకు, ట్రాక్టర్లకు లైట్లు బిగించే దుకాణం ఉంది. ప్రపంచంలో వెలిగే వస్తువు ఏదైనా సరే, దాని పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసని అప్పట్లో గట్టి నమ్మకం. (నమ్మేది నేనొక్కదాన్నే.) ఆ దుకాణంలోనే కూర్చుని పని చేసుకోవాలని నా కోరిక. బాపు మాత్రం "ఆడివిల్ల లారీల కింద దూరుడేంది? పట్నం పోయి కంప్యూటర్ నేర్సుకో" అని హైదరాబాద్‌లో హాస్టల్ కూడా మాట్లాడిపెట్టాడు. ఆ హాస్టల్ పేరు వింటేనే నాకు అన్నం దిగేది కాదు.

సరిగ్గా అప్పుడే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, దిగాడు. సాగర్ డ్యామ్ వెనక నీళ్ల ఒడ్డున మేకలు కాసుకునే మనిషి. సగం మేకల్ని అమ్మేసి, పట్నంలో ఎవరో పెద్దమనుషులు సరదా తీరి పక్కన పడేసిన చిన్న తెరచాప పడవను కొన్నాడు. సాయంత్రాలు నీళ్లు చూడవచ్చే జనాన్ని అందులో తిప్పాలని ఆయన ఆలోచన. (మేకల్ని తిప్పినవాడికి మనుషులొక లెక్కా అని ధీమా.)

"బావా, పడవకు లైట్లు గావాలె. రూల్ ప్రకారం లేకుంటె పర్మిట్ కాగితం ఇయ్యనంటుండు తనిఖీ సారు. శుక్రారం పొద్దుగూకె యాళ్లకు వచ్చి సూస్తడట."

"నీళ్లల్ల లైట్లేందిరా? ఎదురుంగ ఎవడొస్తడు?" అన్నాడు బాపు.

"లాంచి వస్తది బావా. గీ కాగితం రాకుంటె మిగిలిన మేకలు సుత అమ్ముకునుడే."

నేను స్క్రూడ్రైవర్‌తో సహా ముందుకు వచ్చి నిలబడ్డాను. "నేను జేస్త బాపూ!" బాపు నన్నూ స్క్రూడ్రైవర్‌నూ ఎగాదిగా చూశాడు. "సరే, నువ్వే జెయ్. పడవ పాసైతె గీ దుకాణంల నీకో స్టూలు. కాకుంటె సోమారం బస్సెక్కాలె." అలా మామ మేకలు, నా స్టూలు ఒకే పడవ ఎక్కాయి.

ఫోన్‌లో రూలు వెతికి చదివాను. ముందు భాగంలో ఎడమ పక్కకు ఎరుపు, కుడి పక్కకు ఆకుపచ్చ, వెనక తెలుపు అని ఉంది. వెనక తెలుపా! హైవే పక్కన పుట్టి పెరిగినదాన్ని. ముందు తెలుపు, వెనక ఎరుపు అన్నది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలిసిన సత్యం. ఇందులో ఏదో తిరకాసు ఉందని గంభీరంగా ఆలోచించాను. చివరికి తట్టింది. ఈ రూలు రాసింది విదేశాల వాళ్లు. వాళ్లు రోడ్డుకు కుడి పక్కన నడుపుతారు, స్టీరింగ్ ఎడమ పక్కన పెట్టుకుంటారు, అంతా మనకు ఉల్టా. కాబట్టి వాళ్ల రూలును మనం తిరగేసుకుని చదవాలి. (ఇంత తెలివైన పిల్లను హాస్టల్‌కు పంపుతున్నారే అని నా మీద నాకే జాలి వేసింది.) కింద మరీ చిన్న పడవల గురించి ఇంకేదో రాసి ఉంది కానీ, పడవ చిన్నదైనా పని పెద్దదని దాన్ని వదిలేశాను. అయినా ఒక మాట బాపును అడిగితే, "ఎర్రది ఎనకకే. గది సుత అడుగుతరా?" అని కొట్టిపారేశాడు.

ఇక నన్ను ఆపేదెవరు? ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రెండు పక్కలా ఇండికేటర్లు. పడవకు గేరు లేదు కాబట్టి పాట పాడే రివర్స్ హారన్‌కు విడిగా స్విచ్ పెట్టాను. బాపు ముందు కొసకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. పెళ్లి పందిరి సీరియల్ బల్బులు పెట్టలేదని మామ ఒక్కడే కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

శుక్రవారం చీకటి పడుతుండగా తనిఖీ సారు సాగర్ ఒడ్డుకు వచ్చాడు. గోదావరి వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. బిడ్డ పని కూర్చుని చూడాలని బాపు కూడా మామతో పడవెక్కాడు. నేను సారు పక్కన ఒడ్డున నిలబడ్డాను. పడవ దూరం పోయి మా వైపు తిరిగింది.

"ఆ పడవ అవతలికి వెళ్తోందేంటమ్మా?" అన్నాడు సారు.

"లేదు సార్, మన దిక్కే వస్తాంది."

"మరి వెనక దీపం కనిపిస్తోందే?"

"అది ముందు లైటు సార్."

"నీళ్ల మీద తెల్ల దీపం ఒక్కటే కనిపిస్తే పడవ వీపు కనిపిస్తున్నట్టు లెక్కమ్మా. మీ పడవ ముందుకొస్తూ, వెనక్కి పోతున్నానని చెబుతోంది" అన్నాడు.

ఆయన ఆ మాట అంటుండగానే ఒడ్డు నుంచి బయలుదేరిన లాంచి వాళ్లకు ఎదురు వెళ్లింది. తన ముందు అటే పోయే పడవే కదా, అందుకోవడానికి ఇంకా టైముందని దాని డ్రైవరు తాపీగా ఉన్నాడు. మామ కుడి ఇండికేటర్ వేశాడు. నీళ్ల మీద ఆ భాష ఎవరికి తెలుసు? బాపు రివర్స్ హారన్ నొక్కాడు. పాట విని లాంచిలోని జనం చప్పట్లు కొట్టారు. బాపుకు ఈత రాదు. స్టూలూ హాస్టలూ అన్నీ మరిచిపోయి "బాపూ!" అని కేకలు పెట్టాను. అంతలో మామ నడుముకున్న టార్చి తీసి తెరచాప మీద వెలుగు కొట్టి, "ఓయ్! పక్కకు మలుపుండ్రి!" అని మేకల్ని అదిలించినట్టు అరిచాడు. తెల్లటి చాప కళ్లెదుట వెలగగానే లాంచి చప్పున పక్కకు తిరిగింది. దాని అలకు బాపు నిలువునా తడిసిపోయాడు.

ఒడ్డుకు రాగానే సారు మామ చేతిలోకి చూశాడు. "ఏంటండీ అది?"

"బ్యాటరీ లైటు సార్. తప్పిపోయిన మేకల దేవులాడుకునేది."

"ఇంత చిన్న తెరచాప పడవకు రంగు దీపాలు కుదరకపోతే, ఇలాంటి టార్చి చేతికి అందేలా ఉంచుకుని, ఢీకొనే పరిస్థితి రాకముందే చూపిస్తే చట్టం ఒప్పుకుంటుంది. ఆ తగిలించినవన్నీ పీకేసి, దీన్ని ఉంచండి. కాగితం ఇస్తాను." (నేను చదవకుండా వదిలేసిన ముక్క అదేనని నాకు అప్పుడు అర్థమైంది.)

ఆదివారం నేను మారు మాట్లాడకుండా బట్టలు సర్దుకుంటుంటే బాపు గుమ్మంలోకి వచ్చాడు.

"యాడికి?"

"పట్నం. నా లైట్లు పాస్ కాలే గదా బాపూ."

"లైట్ల ముచ్చట నేనన్ననా? పడవ పాసైతె అన్న, అయింది." కాస్త ఆగి గొంతు తగ్గించి, "ఎర్రది ఎనకకని నేను సుత జెప్పిన గద బిడ్డా" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సోమవారం దుకాణంలో ఒక కొత్త స్టూలు ఉంది.

తర్వాత కొన్నాళ్లకు మామ పడవకు అసలైన దీపాలే బిగించాను, రూలును ఏ వైపూ తిరగేయకుండా. బాపు ఆ రోజే పెయింటర్‌ను పిలిపించి బోర్డు మీద "లారీ, ట్రాక్టర్" పక్కన "పడవ" అని రాయించాడు. ఇప్పుడు దుకాణం నేనే నడుపుతున్నాను. ఇన్నేళ్లలో రెండో పడవ రాలేదు. రంగు వెలిసినప్పుడల్లా పెయింటర్ ఆ మాట తీసేయమంటారా అని అడుగుతాడు, వద్దంటాను. లారీ డ్రైవర్లు బోర్డు చదివి "గీడ పడవలెక్కడియమ్మా?" అని నవ్వుతారు. నేను జవాబు చెప్పేలోపే బల్ల మీద చాయ్ తాగుతున్న బాపు "వస్తయ్, జర ఆగు" అంటాడు. ఆయన అలా అన్నప్పుడల్లా నేను పని ఆపి, వెనకటి పిల్లలాగే, హైవే వైపు ఒకసారి తొంగి చూస్తాను.