సగం లోకల్ సీజర్

హైటెక్ సిటీ సాఫ్ట్‌వేర్ వాళ్ల స్నానాలగదులకు టైల్సు అమ్మే ఓబులేసుకు అనుమానం కొత్త కాదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి మియాపూర్‌లో కొట్టు తెరిచిన నాటినుంచీ, బేరమాడకుండా కొన్నవాణ్నీ అనుమానించేవాడు. సకల జనుల సమ్మె మొదలయ్యాక ఆ అనుమానం పెంపుడు కుక్క దాకా వచ్చింది.

సీజర్ తండ్రి జర్మన్ షెపర్డ్, తల్లి ఖాజాగూడ వీధికుక్క.

"అంటే సగం లోకల్, సగం నాన్‌లోకల్ అన్నట్టు సార్!" అని నవ్వాడు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఈశ్వరయ్య.

ఓబులేసుకు నవ్వు రాలేదు. మెదక్ మనిషి, కుక్కను ఎటు లాగుతున్నాడో! ఎవరైనా విషం పెడతారేమోనని ఆ రోజునుంచే సీజర్‌ను పగలంతా గొలుసుతో కట్టేశాడు.

వారం తిరక్కముందే, సాయంత్రం గొలుసు విప్పి కొట్టుకు బయల్దేరిన ఓబులేసు మడమ పట్టుకుంది సీజర్. రక్తం రాలేదు, పరువు పోయింది. గేటు దగ్గరే కూర్చున్న ఈశ్వరయ్య జోలికి మాత్రం పోలేదు.

"ఏమప్పా, నా కుక్కకు ఏం నేర్పిస్తాండావు?"

"నేనేం నేర్పిస్త సార్? జర పెరుగన్నం పెట్టిన, గంతే."

పెరుగన్నమంట!

తోట కాపలాకు కుక్క కావాలన్న శంకర్‌పల్లి ఆసామిని ఆదివారం వచ్చి తీసుకుపొమ్మన్నాడు. అంతకుముందు సూది వేయించడానికి తీసుకుపోతే, పశువైద్యురాలు మెర్సీ గొలుసు ఒరుసుకుపోయిన మెడను చూసి పెదవి విరిచింది.

"గొర్రెలు కాసే జాతండీ. ఎవరు విడిపోయినా మడమ పట్టి మందలోకి తెస్తుంది. కట్టేస్తే ఇంకా ముదురుతుంది. రెండు పూటలా బాగా నడిపించండి."

"నన్నే ఎందుకు పట్టింది?"

"ఇల్లు వదిలి పోతోంది మీరే కదండీ."

ఆ 'అండీ'లకు కాస్త మెత్తబడ్డాడుగానీ పూర్తిగా నమ్మలేదు.

ఆదివారం పొద్దున గొలుసు విప్పి ఆసామి కోసం చూస్తున్నాడు. ఈశ్వరయ్య జెండా భుజాన వేసుకుని ర్యాలీకని గేటు దాటాడు. సీజర్ ఒక్క ఉరుకున పోయి, అతని మడమ పట్టి, చుట్టూ తిరిగి లోపలికి తోలుకొచ్చింది. మళ్లీ పోయాడు. మళ్లీ తోలుకొచ్చింది.

"ఏంది సార్ గిది? నేను ర్యాలీకి పోవద్దని మీరే నేర్పిండ్రా?"

ఈశ్వరయ్య కళ్లలో ఉన్న అనుమానం అచ్చం ఓబులేసు కొట్టు సరుకే.

"నీ పెరుగన్నం తిని నా మాట వింటాదా అప్పా?"

"ఏమో! సగం నాన్‌లోకలే గద."

ఓబులేసు సీజర్ మెడపట్టీ గట్టిగా పట్టుకుని, "పో, తొందరగా పో," అని ఈశ్వరయ్యను పంపాడు. తర్వాత ఫోన్ తీసి శంకర్‌పల్లి ఆసామిని రావద్దన్నాడు.

అప్పటినుంచి రోజూ సీజర్‌ను చెరువు చుట్టూ నడిపిస్తున్నాడు. ఈశ్వరయ్య పెట్టే పెరుగన్నం గిన్నె మాత్రం ముందు తనే వాసన చూస్తాడు.