సైరన్‌తో కలిపిన గడియారం

“...బస్సు టైముకే వచ్చింది బిడ్డా, దిగి ఉరుక్కుంటనే వచ్చిన. మరి లేటెట్లయితది?”

“మిషిన్ల లేటే చూపిస్తుంది ద్వాలక్కా. నా చేతిల ఏముంది?”

“దాని మీద ఉన్న చెయ్యి నీదే గద.”

శ్యామల గీసిన కార్డును కిటికీలోంచి తిరిగిచ్చింది. నెలలో మూడు లేట్లు పడితే కాంట్రాక్టు కూలీల గేటు పాసు తీసేసుకుంటారు. ద్వాలికి ఇది మూడోది.

శ్యామలది చర్ల దగ్గరి ఊరు. భద్రాచలంలో కంప్యూటర్ నేర్చుకుని, పాల్వంచ అవతలి ఈ ఫ్యాక్టరీలో టైమాఫీసు ఆపరేటరుగా చేరింది. కిటికీ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల కార్డు గీస్తే, తెర మీది టైము దానంతటదే పడుతుంది. ఆ టైము తప్పకూడదని ఆమెకు పట్టుదల. కంప్యూటర్ ఆపినా లోపల బోర్డు మీద చిన్న బ్యాటరీతో ఇంకో గడియారం నడుస్తూ ఉంటుంది. పొద్దున ఆన్ చేయగానే తెర టైము తీసుకునేది దాన్నుంచే. సాయంత్రం ఆపే ముందు ఆమె రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేది. లోపలిది కొద్దిగా ముందుండేది. ఏది తప్పో ఆ రెండూ చెప్పవు కాబట్టి, పొద్దున సైరన్ మోగగానే రెండింటినీ దానితో కలిపేది. అప్పుడు తేడా దాదాపు కనపడేది కాదు. అది తన శ్రద్ధ ఫలితమనుకునేది.

ఆ రోజు మధ్యాహ్నం టీకొట్టులో రేడియో వార్తలు మొదలయ్యాయి. కంప్యూటర్‌తో కలుపుకున్న తన చేతిగడియారం వైపు చూసి ఆమె గ్లాసు కింద పెట్టింది. పదకొండు నిమిషాలు ముందుంది.

నేరుగా సైరన్ వేసే పగిడయ్య దగ్గరికి వెళ్లి, టైము దేన్ని చూసి వేస్తున్నావని అడిగింది. గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయిందని చెప్పి, ఆయన ఆమె కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

“నీ కంప్యూటర్ చూసే వేస్తున్న బిడ్డా. దానికంటె కరెక్టు ఏముంటది?”

ఇన్ని నెలలూ ఆమె కంప్యూటర్ గడియారాన్ని, దాన్ని చూసి వేసిన సైరన్‌తోనే సరిచూసుకుంది. ఫ్యాక్టరీ పక్క కాలనీలో ఉండేవాళ్లు షిఫ్టుకు ముందు మోగే సైరన్ వినే ఇల్లు కదులుతారు కాబట్టి వాళ్లకెప్పుడూ లేటు పడలేదు. పడిందంతా బస్సు దిగి వచ్చే తండాల వాళ్లకే.

టైమాఫీసర్ రవీందర్ సార్‌కు అంతా చెప్పింది. ఆయన తన ఫోన్‌లో టైము చూసుకున్నాడు. కాదనలేదు. ఇప్పుడు తప్పని రాస్తే ఈ నెల లేట్లన్నీ తిరగదోడాలని, పోయిన నెల తీసేసిన పాసుల సంగతి పై ఆఫీసు అడుగుతుందని మెల్లగా చెప్పాడు. ద్వాలి ఒక్కదాని లేటైనా కొట్టేయమని శ్యామల అడిగింది. గీసిన టైము దిద్దే అధికారం తనకూ లేదన్నాడు.

బయట ద్వాలి మెట్ల మీద కూర్చుని ఉంది. పాసు కొంగుకు ముడేసుకుంది. శ్యామల రావడం చూసి లేచి నిలబడింది. వెనకే రవీందర్ సార్ గుమ్మం దాకా వచ్చాడు.

“శ్యామలా, ఒకటో తారీకు నుంచి సరైన టైము పెడదాం. అందాక ఇదే నడవనియ్. ఆమె పాసు తీసుకో.”